చూసి పోయినవాడు

జానయ్యకు అరవై రెండో ఏట ఉద్యోగం వచ్చిందంటే ఊర్లో మొదట ఎవరూ నమ్మలేదు. అదీ చల్లటి గదిలో కుర్చీలో కూర్చునే ఉద్యోగం, మక్తల్ బస్టాండు వెనక ఎరువుల దుకాణం పైన. చదువు లేదు, సంతకం రాదు, కంప్యూటరంటే బ్యాంకులో పాసుబుక్కు మింగి కక్కే డబ్బా అనుకునే మనిషి. ఇలాంటివాణ్ణి ఏ కంపెనీ పిలుస్తుందని నవ్వారు. పిలిచింది. గొర్రెల కోసం పిలిచింది.

సంగతేమిటంటే, ఆ ఆఫీసులో ఇరవైమంది పిల్లలు పొద్దంతా కంప్యూటర్లలో ఫొటోలు చూసి గుర్తులు పెడుతుంటారు. ఇది కారు, ఇది చెట్టు, ఇది మనిషి. వాళ్ళు పెట్టిన గుర్తుల్ని చూసి యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఏఐ అంటున్నారే, అది. ఆ ఎండాకాలం ఏదో దూరదేశపు కంపెనీ గొర్రెల ఫొటోలు పంపింది. వేల గొర్రెలుండే పెద్ద షెడ్లు, పైకప్పులకు కెమెరాలు. గొర్రెను చూసి దానికి నొప్పి ఉందో లేదో యంత్రం కనిపెట్టాలట. అందుకు ముందుగా మనిషి చూసి చెప్పాలి. నొప్పి లేకపోతే సున్న, కొద్దిగా ఉంటే ఒకటి, బాగా ఉంటే రెండు. ఆఫీసు పిల్లలు చెప్పారు. ఒకే గొర్రెకు ఒకరు సున్న అన్నారు, పక్కవాళ్ళు రెండు అన్నారు. బిర్యానీలో తప్ప గొర్రెను దగ్గరగా చూడనివాళ్ళు అంతకన్నా ఏం చెబుతారు? కంపెనీ కోప్పడి, గొర్లు కాసిన మనిషినెవరినైనా తెచ్చి కూర్చోబెట్టమంది. ఆఫీసు నడిపే నవీన్‌కుమార్ బండేసుకుని ఊట్కూరు దారిలో ఊళ్ళన్నీ తిరిగాడు. అడిగిన ప్రతిచోటా జానయ్య పేరే చెప్పారు.

ఆ పేరు ఊరికే రాలేదు. గట్టు మీద నిలబడి కిందినుంచి పోయే మందను ఒక్కసారి చూసి, వెనకనుంచి మూడో గొర్రెకు కాల్లో ముల్లుందని చెప్పగలిగినవాడు జానయ్య. పోయి చూస్తే ముల్లు ఉండేది. రెండేళ్ళ కింద కాలువలో పడి మోకాలు పాడయ్యాక మందనంతా తమ్ముడి కొడుకు మల్లేష్‌కు అప్పజెప్పి, అరుగు మీద కూర్చుని దారిన పోయే మందల్ని చూస్తూ గడుపుతున్నాడు. భార్య నర్సింగమ్మకు ఆ కూర్చోవడం చూస్తే గుండె తరుక్కుపోయేది. అందుకే నవీన్‌కుమార్ వచ్చి అడిగినప్పుడు జానయ్యకంటే ముందు ఆమే సరేనంది.

వాళ్ళ వాడలో కురుమల ఇళ్ళు పద్నాలుగు. ఆ పద్నాలుగు ఇళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. కుంటే గొర్రె, ఈగలు ముసిరే గొర్రె, మందకు ఎడంగా నిలబడే గొర్రె ముందు ఎవరి కంటపడితే వాళ్ళే ఆగాలి. గొర్రె ఎవరిదైనా సరే, మాటల్లేని పగవాడిదైనా సరే. పట్టి, పడుకోబెట్టి, ముల్లుంటే తీసి, పుండుంటే కడిగి, అప్పుడే కదలాలి. చేతకాకపోతే చేతనైనవాణ్ణి కేకేయాలి. చూసి కూడా పోయినవాడు బీరప్ప గుడి ముందు నలుగురిలో కూర్చుని, భుజం మీది గొంగడి తీసి ఆ గొర్రె తాలూకు మనిషి ముందు పెట్టాలి. ఆపైన ఏడాదిదాకా వాడి భుజం మీద గొంగడి ఉండకూడదు. జానయ్య ఎరిగినంతలో అలా పెట్టినవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకడు ముఖం చెల్లక ఊరే విడిచిపెట్టాడు.

మొదటిరోజు నిరోష అనే అమ్మాయి పక్కన కుర్చీ వేశారు. మక్తల్ పిల్లే, డిగ్రీ అయిపోయింది. జానయ్య చెప్పాలి, ఆమె నొక్కాలి. ఏసీ చలికి జానయ్య గొంగడి నిండా కప్పుకుంటే పిల్లలంతా కిసుక్కుమన్నారు. నిరోష మాత్రం నవ్వలేదు.

"తాతా, గీ గొర్రెకు నొప్పి ఉందా చెప్పు. సున్ననా, ఒకటా, రెండా?"

జానయ్య ముందుకు వంగాడు. తెల్లటి గొర్రె, నిక్కిన చెవులు, ఇక్కడి జాతి కాదు. కానీ ఏ దేశపు గొర్రెకైనా కన్ను కన్నే. రెప్ప సగం దిగింది. దవడ బిగిసింది. నెమరు లేదు.

"కుడి ముందుకాలు," అన్నాడు. "బరువంత ఎడమ దిక్కు ఏసింది సూడు. గిట్టల నడుమ పుండు పడ్డది. ఎవలది బిడ్డా గిది?"

"తెల్వది తాతా."

"యాడున్నది?"

"అది సుత తెల్వది. నువ్వు నంబర్ చెప్పు."

"మరి ఎవలన్న చూసిండ్రా దీన్ని?"

"నువ్వు చూస్తున్నవ్ గదా," అంది నిరోష.

ఆ పిల్ల మామూలుగానే అంది. కానీ జానయ్య చెయ్యి తనకు తెలియకుండానే తెర మీదికి పోయింది. గొర్రె కుడికాలు ఉన్నచోట బొటనవేలితో తడిమాడు.

"తాతా, ముట్టకు. మరకలైతయి."

ఆరోజు సాయంత్రానికి నలభై ఫొటోలు అయ్యాయి. కావలసినవి రోజుకు ఆరువందలు. ఇంటికి వచ్చి రొట్టె ముందు కూర్చుని, ముట్టకుండా లేచాడు. నర్సింగమ్మ ఊరుకునే మనిషి కాదు.

"కంప్యూటర్ల గొర్రెకు బాగలేదని గీడ రొట్టె మానేస్తవా? రేపు సీరియల్‌ల ఎవరన్న సస్తే దినాలు సుత చేస్తవేమో."

"పన్నెండు గొర్లే. పన్నెండింటికి రెండు పడ్డది. ఒక్కదాన్ని ముట్టలేకపోయిన."

ఆమె మళ్ళీ వెక్కిరించలేదు. ఆ మాటలో ఉన్నది ఆమెకూ తెలుసు. కురుమల ఇంటి ఆడబిడ్డే కదా.

రెండోరోజు నవీన్‌కుమార్ పక్కకు పిలిచాడు. "పెద్దాయన, జర నా మాట విను. ఒక్కో గొర్రెకాడ పావుగంట కూసుంటే ఎట్ల నడుస్తది? నువ్వు చెప్పిందే మిషన్ నేర్చుకుంటది. నేర్చుకున్నంక వేల షెడ్లల్ల అదే చూస్తది. ఏ గొర్రెకు నొప్పి లేసినా ఎంటనే చెప్తది. లక్షల గొర్లు పెద్దాయన. నీ కన్నుతోటి బతుకుతయి."

"చెప్తది సరే. ముల్లు ఎవలు తీస్తరు?"

"గది ఆళ్ళు చూస్కుంటరు. నువ్వు ఫికర్ చెయ్యకు."

నవీన్‌కుమార్ అబద్ధాలకోరు కాదు. తాను నమ్మిందే చెప్పాడు, కంపెనీవాళ్ళు తనకు చెప్పిందే చెప్పాడు. జానయ్యా నమ్మాడు. లక్షల గొర్రెలని అంటే ఎవరు మాత్రం కాదనగలరు? ఆరోజు నూటపది చూశాడు. వారం తిరిగేసరికి రెండువందలు. ప్రతి గొర్రెకు నంబరుతో పాటు ఏ కాలు, పొదుగులో ఏ పక్క, ఎన్నిరోజుల పుండు అన్నది కూడా చెప్పేవాడు. నిరోషకు వాటితో పనిలేదు, నొక్కడానికి అక్కడ మూడు గుండీలే ఉన్నాయి. అయినా వినేది. కొన్నాళ్ళకు జానయ్య చెప్పకముందే "తాతా, దీనికి ఎనక కాలా?" అని అడిగేది. అవునంటే సంబరపడేది.

మూడో వారంలో ఒక గొర్రె వచ్చింది. ముక్కు మీద నల్లచుక్క. గోడ పక్కన, మిగతావాటికి ఎడంగా నిలబడి ఉంది. జానయ్య ఒకటి అన్నాడు. మర్నాడు మళ్ళీ అదే వచ్చింది, అదే గోడ, అదే చుక్క. పొదుగు ఒకవైపు ఉబ్బింది. రెండు. ఆ మర్నాడూ రెండు. నాలుగోనాడు మోకాళ్ళ మీద కూలబడి, మెడ చాచి, పెదవి వేలాడేసి కనిపించింది. జానయ్య నంబరు చెప్పకుండా లేచి, కాలు ఈడ్చుకుంటూ నవీన్‌కుమార్ గదిలోకి పోయాడు.

"సారు, గా కంపెనీకి ఫోన్ చెయ్యి. పొదుగువాపు. పాలు పిండేసి, సూది ఏస్తే ఇంకా దక్కుతది. రేపటిదాకా ఆగదు."

నవీన్‌కుమార్ ఫోను చేయలేదు గాని, పాపం, కంప్యూటర్లో ఇంగ్లీషు ఉత్తరం రాశాడు. ఫొటో నంబరుతో సహా. రెండురోజుల్లో జవాబు వచ్చింది. విడిగా ఒక గొర్రె గురించి రాయడం మీ పని కాదు, ఇకమీదట రాయకండి అని ఉంది. ఆ కింద ఇంకో సంగతి ఉంది. నవీన్‌కుమార్ అది చెప్పడానికి కాసేపు వెనకాడాడు.

"పెద్దాయన, గా ఫొటోలు ఇప్పటియి కావంట. రెండేండ్ల కిందటియి."

"అంటే?"

"అంటే... గా గొర్రె ఎప్పుడో పోయింది."

"మరి అప్పుడు ఎవలు చూడలేదా?"

"కెమెరా చూసింది పెద్దాయన."

జానయ్య తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏడవలేదు. కోప్పడలేదు. మానేసి ఇంటికి పోతాడేమోనని నిరోష అనుకుంది. పోలేదు. "పెట్టు బిడ్డా," అన్నాడు. ఆమె తర్వాతి ఫొటో పెట్టింది. "రెండు," అన్నాడు. ఇంకోటి పెట్టింది. "సున్న." ఇంకోటి. "రెండు." ఆ సాయంత్రానికి నాలుగువందలయ్యాయి.

లోపల ఏమైందో చెప్పమంటే జానయ్య చెప్పలేడు. నొప్పిగా లేదు. అంతకుముందు ఒక్కో గొర్రెను చూసినప్పుడు అరచేతుల్లో ఒక జిల ఉండేది, ముల్లు దొరికేదాకా పోని జిల. అది లేదు. తెరమీద కనబడేవన్నీ ఎప్పుడో పోయినవే. పోయినవాటి కోసం చేతులు లేవవు. రోజుకు ఆరువందలు, వానలు పడేనాటికి తొమ్మిదివందలు. ఇంటికి వస్తే ఆకలేసేది, తినేవాడు. పడుకుంటే నిద్ర పట్టేది. నర్సింగమ్మ మొదట్లో సంతోషించింది. మనిషి కుదుటపడ్డాడనుకుంది. కుదుటపడటమూ మొద్దుబారటమూ పైకి ఒక్కతీరుగానే ఉంటాయి, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఒకరోజు నిరోష అంది, "తాతా, ముందుగాల ఏ కాలో, ఏం పుండో అన్నీ చెప్పెటోనివి. ఇప్పుడు ఉత్త నంబరే చెప్తున్నవ్."

"నంబరే గదా వాళ్ళకు కావల్సింది."

ఆశ్వయుజంలో ఆఫీసులో జానయ్యకు సన్మానం చేశారు. శాలువా కప్పడానికి సందు దొరికితే మనవాళ్ళు వదలరు. యంత్రం నూటికి తొంభైనాలుగుసార్లు అచ్చం జానయ్యలాగే చెబుతోందని నవీన్‌కుమార్ మైకు పట్టుకుని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జానయ్య కూడా కొట్టాడు. ఊళ్ళో ఆ ఫొటో అందరి ఫోన్లలోకి వచ్చింది. మా జానయ్య కన్ను ఇప్పుడు దేశాలు దాటిందని చెప్పుకున్నారు.

కార్తీకంలో మల్లేష్ భార్యకు నొప్పులొచ్చాయి. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతూ మల్లేష్ మందను నాలుగురోజులు చూడమని జానీకి అప్పజెప్పాడు. జానీ మంచివాడే, కూలికి పోయేవాడు, కాకపోతే ఎడమకంట్లో పువ్వు పడి చూపు ఆనదు. మంద దడి బస్సు ఆగేచోటికి పోయే దారి పక్కనే ఉంది. రోజూ పొద్దున జానయ్య దాని పక్కనుంచే నడిచిపోతాడు.

మొదటిరోజు దడిలో ఒక నల్లగొర్రె మందకు ఎడంగా నిలబడి తోక అదేపనిగా ఆడిస్తోంది. ఈగలు. జానయ్య చూశాడు. ఒకటి, అనుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాడు. రెండోరోజు గొర్రె తల దించి దడికి ఆనుకుని ఉంది, తొడ మీద బొచ్చు తడిసి అంటుకుపోయింది. రెండు, అనుకున్నాడు. మూడోరోజు పడుకుని ఉంది. నెమరు లేదు. రెండు.

నాలుగోరోజు పొద్దున మల్లేష్ కొడుకు పుట్టిన సంతోషంతో మిఠాయి పొట్లాం పట్టుకుని ఊరికి వచ్చాడు. గొర్రె చచ్చి ఉంది. తిప్పి చూస్తే తొడకింద పిడికిలి పట్టేంత గుంట, నిండా పురుగులు. అలాంటి పుండును కడిగి సీతాఫలం ఆకు నూరి పెడితే పురుగులన్నీ రాలిపోతాయి. వాడలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మందు. గడియసేపు పని.

ఆదివారం కావడంతో మధ్యాహ్నం అందరూ బీరప్ప గుడి ముందు కూడారు. పెద్దకురుమ కిష్టయ్య జానీని నిలబెట్టి అడిగాడు.

"ఏం జానీ, మూడొద్దులు నీ ముంగట్నే ఉన్నది. కానరాలేదా?"

"నా ఎడమ కన్ను సంగతి నీకు ఎర్కనే గదా పటేలా. బొచ్చుకింద ఉన్నది. ఒట్టు, నేను చూడలేదు." జానీ వాళ్ళ కులంవాడు కాదు, గొంగడి పెట్టమనరు. కానీ ఇకమీదట ఆ వాడలో ఎవరూ పనికి పిలవరు.

"నేను చూసిన," అన్నాడు జానయ్య.

అందరూ తిరిగి చూశారు.

"మూడొద్దులు చూసిన. బస్సుకు పోతా పోతా చూసిన. మొదటి దినమే ఈగలు ముసురుతున్నయి." భుజం మీది గొంగడి తీశాడు, నడిచిపోయి మల్లేష్ ముందు పెట్టాడు. చేతులు వణకలేదు. ముఖం వేడెక్కుతుందనుకున్నాడు, ఎక్కలేదు. చెప్పిన మాట తన చెవికి నిరోష నొక్కే గుండీ చప్పుడంత మామూలుగా వినిపించింది.

కిష్టయ్య నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, నిండు ప్రేమతో నవ్విన నవ్వు.

"జానయ్యా, నువ్వు చూసి పోతవా? గట్టుమీదికెల్లి ముల్లు చూసెటోనివి నువ్వు చూసి పోతవా? జానీ పొట్ట కొట్టొద్దని నువ్వు మీద ఏసుకుంటున్నవ్. గది మాకు తెల్వదా?"

"కాదు కిష్టయ్యా. నిజంగ చూసిన."

"ఊకో పెద్దబాపూ," అని మల్లేష్ గొంగడి తీసి, దులిపి, జానయ్య భుజాన కప్పాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. "నువ్వు చూస్తే గా గొర్రె సచ్చునా? నీ గుణం మాకు తెల్వదా? జానీ తప్పేం లేదు, ఇగ విడిచిపెట్టుండ్రి."

అందరూ సరేనన్నారు. పంచాయితీ ముగిసింది. జానీ వచ్చి జానయ్య కాళ్ళు పట్టుకున్నాడు. మల్లేష్ తెచ్చిన మిఠాయి అక్కడే పంచారు. జానయ్య చేతిలోనూ ఒక పేడా పెట్టారు. తిన్నాడు. తియ్యగానే ఉంది.

నర్సింగమ్మ ఆడవాళ్ళ మధ్యనుంచి ఇదంతా చూసింది. ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, చాపమీద అతని ఎదురుగా కూర్చుంది. ఊరంతా నమ్మనిది ఆమె నమ్మింది. నలభైయేళ్ళుగా అతను అబద్ధం చెప్పే తీరు ఆమెకు తెలుసు, ఇవాళ అతను అబద్ధమాడలేదు.

"నిజంగనే చూసినవా?"

"చూసిన."

"పురుగులు పడ్డయని ఎర్కయిందా?"

"ఎర్కయింది."

"మరి ఎందుకు వంగలే?"

జానయ్య తప్పించుకోవాలనుకోలేదు. నిజం చెప్పాలనే ఆలోచించాడు. మోకాలి నొప్పి అడ్డం రాలేదు. బస్సు పోతుందని భయపడలేదు. మల్లేష్ మీద కోపమూ లేదు. ఎంత వెతికినా ఇంకేం దొరకలేదు.

"వంగాల్నని యాదికి రాలే," అన్నాడు.

నర్సింగమ్మ అతని ముఖంలోకి చూసింది. అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని వెతికినట్టు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మోకాలు పాడైననాడు కూడా ఆమె అలా ఏడవలేదు. ఊపిరి అందక భుజాలు ఎగిరిపడుతున్నాయి.

జానయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆమె రెప్పలు బిగిశాయి. దవడ బిగిసింది. మెడ ముందుకు వాలింది.

రెండు, అనుకున్నాడు. అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.